కార్డు మీద గీత

(రాయగడ జిల్లా గుణుపురంలో ఆశా దీదీలు, నర్సులు, డిగ్రీ విద్యార్థులు, ఊరి పెద్దలు కూర్చున్న సభలో ఒక విశ్రాంత మైక్రోబయాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నేను ఈ ఊరి ఆడపిల్లనే. వంశధార ఒడ్డున పెరిగాను. నౌపడా నుంచి వచ్చే చిన్న రైలు కూత వినపడితే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది, నాన్న వచ్చే వేళయిందని. ఆ చిన్న బండి పోయి ఇప్పుడు పెద్ద లైను వచ్చింది. నిన్న దాని మీదే వచ్చాను. పర్లాకిమిడి దాటుతుంటే గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తొచ్చారు. అక్కడ బడిపంతులుగా ఉంటూనే ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు, వ్యాకరణం రాశారు. మన కోసం వాడుక భాషను గెలిపించి పెట్టారు. అందుకే ఇవాళ్టి సంగతిని కూడా ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెబుతాను. ఇంట్లో మాట్లాడుకునే మాటలే గానీ, ఇంట్లో ఎవరూ ఎత్తని సంగతి ఇది.

సిఫిలిస్ అనే సుఖవ్యాధి. మన పెద్దలు సవాయి అన్నారు, కొరుకు అన్నారు. 16వ శతాబ్దంలో భావమిశ్రుడు తన వైద్యగ్రంథంలో ఫిరంగ రోగం అని రాశాడు. ఫిరంగులంటే పోర్చుగీసువాళ్లు. అప్పట్లో ఇటలీవాళ్లు దీన్ని ఫ్రెంచి రోగం అనేవారు, ఫ్రెంచివాళ్లు నేపుల్స్ రోగం అనేవారు. జబ్బు ఎవరికి వచ్చినా పేరు మాత్రం పక్కింటివాడిది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మన కొండల దగ్గరికి వచ్చాక మళ్లీ దీనితో పని పడుతుంది.

ముందు ఇది చూడండి. (చేతిలోని పరీక్ష కార్డు పైకెత్తి) ఆశా దీదీలకు, సిస్టర్లకు ఇది కొత్త కాదు. కడుపుతో ఉన్న ఆడపిల్ల మొదటిసారి సెంటర్‌కు రాగానే వేలు గుచ్చి ఒక చుక్క రక్తం ఇందులో వేస్తారు. దాని మీద మందు చుక్కలు వేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగి చూస్తారు. కార్డు సరిగ్గా పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ దగ్గర గీత రావాలి. సిఫిలిస్ దగ్గర కూడా గీత పడితే ఆ పిల్ల ముఖం వైపు చూడడానికి మీకే మనసు ఒప్పదు. నాకు తెలుసు.

ఆ గీతలో ఏముందో ఎప్పుడైనా ఆలోచించారా? కార్డు ఉత్తదిగా ఉన్నప్పుడు అక్కడ మీకు ఏమీ కనపడదు. కానీ అక్కడ సన్నగా, దారంలా, ప్రొటీన్ పూసి ఉంటుంది. సిఫిలిస్ సూక్ష్మజీవి ఒంట్లో ఉండే ప్రొటీన్. చాలా కార్డుల్లో వాడేవి ముఖ్యంగా మూడు: 47, 17, 15. ఈ అంకెలు వాటి బరువులు, కిలోడాల్టన్లలో. ఒక డాల్టన్ అంటే దాదాపు ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు. అంటే 47 అన్నది 47 వేల హైడ్రోజన్ పరమాణువులంత బరువున్న ప్రొటీన్. రక్తంలో దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉంటే అవి వచ్చి అక్కడ అతుక్కుంటాయి. వాటితోపాటు రంగు కూడా చేరుతుంది. గీత పడుతుంది.

అంటే ఆ గీత చెప్పేది ఒక్కటే: ఈ మనిషి ఒళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రొటీన్‌ని చూసింది. ఎప్పుడు, ఎలా, ఇప్పుడు జబ్బు ఉందా లేదా అన్నవి ఆ గీతకు తెలియవు. నేను ఇవాళ ఇంత దూరం వచ్చింది ఈ మాట చెప్పడానికే. కానీ ఊరికే చెబితే మీకు పట్టదు. ఆ ప్రొటీన్లు ఎక్కడుంటాయో, ఏం చేస్తాయో చూస్తేనే పడుతుంది.

ఈ సూక్ష్మజీవిని 1905లో బెర్లిన్‌లో ఫ్రిట్జ్ షాడిన్, ఎరిక్ హాఫ్‌మన్ కనిపెట్టారు. ట్రెపోనీమా పల్లిడమ్ అంటారు. పల్లిడమ్ అంటే పాలిపోయినది. రంగులు వేసినా సరిగ్గా పట్టదు. మందం మైక్రాన్‌లో ఐదో వంతు, అంటే తల వెంట్రుకను నిలువుగా మూడు వందల పాయలు చీలిస్తే ఒక పాయంత. మామూలు మైక్రోస్కోప్‌లో కనపడదు. డార్క్ ఫీల్డ్ అని ఒక పద్ధతి ఉంది. వెనక అంతా చీకటి చేసి పక్క నుంచి వెలుగు పడేలా చూస్తారు. నేను మొదటిసారి చూసిన రోజు ఇంకా కళ్ల ముందే ఉంది. అమావాస్య రాత్రి లాంటి నలుపులో ఒక వెండి మెలిక. పదో పన్నెండో చుట్లు. స్క్రూ తిరిగినట్టు తనలో తాను తిరుగుతూ, మధ్యలో నడుం వంచి మళ్లీ నిటారుగా అవుతూ వెళ్లిపోయింది. ఇంత అందమైనది ఇంత కీడు ఎలా చేస్తుందా అనిపించింది.

ఆ తిరగడానికి దానికి తోకలు ఉన్నాయి. మామూలు బ్యాక్టీరియాకు తోకలు బయట వేలాడుతుంటాయి. మన ఒళ్లు ముందు పట్టుకునేది వాటినే. దీని తోకలు లోపల ఉంటాయి. దీనికి రెండు పొరలు. ఆ రెంటి మధ్య సందులో తోకలు ఒంటి చుట్టూ చుట్టుకుని ఉంటాయి. అవి తిరిగితే ఒళ్లంతా మెలి తిరుగుతుంది. ఫ్లాఏ, ఫ్లాబీ అని ఆ తోకల్లో ఉండే ప్రొటీన్లకు పేర్లు. మన రక్తంలో వాటికి యాంటీబాడీలు బోలెడు తయారవుతాయి, కానీ పైపొర దాటి వాటిని ముట్టుకోలేవు.

ఇప్పుడు 47 సంగతి. అది కూడా లోపలిదే. దానికి కొవ్వు తోక ఒకటి ఉంటుంది. ఆ తోకతో లోపలి పొరకు గుచ్చుకుని, సందులోకి తల పెట్టుకుని ఉంటుంది. మన పాత ఇళ్లల్లో గోడకు చిలకకొయ్య ఉండేది కదా, అలాగ. ఇంట్లోకి వచ్చినవాళ్లకే కొయ్య కనపడుతుంది, వీధిలో పోయేవాళ్లకు గోడే కనపడుతుంది. సూక్ష్మజీవి చచ్చి చితికిపోయినప్పుడు ఈ కొయ్యలన్నీ బయట పడతాయి. వాటిని చూసి మన ఒళ్లు యాంటీబాడీలు చేస్తుంది. కాబట్టి పరీక్షకు ఇవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. బతికున్న సూక్ష్మజీవిని పట్టుకోవడానికి మాత్రం పనికిరావు.

మరి వీధి వైపు గోడ మీద ఏముంది? దాదాపు ఖాళీ. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పైపొర మీద ఉండే ప్రొటీన్లలో సుమారు నూరో వంతు మాత్రమే దీని పైపొర మీద ఉంటాయి. ఈ.కోలై లాంటి వాటి పైపొరలో ఇంకో పదార్థం ఉంటుంది, మన ఒంటికి అది తగిలితే చాలు, జ్వరం, గగ్గోలు. దీనికి అది కూడా లేదు. ఒంట్లోకి దొంగలా జొరబడి నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండిపోగలగడానికి కారణం ఇదే.

ఆ కొద్ది ప్రొటీన్లలో టీపీఆర్-కే అని ఒకటుంది. దాని గురించి కాస్త నిదానంగా చెబుతాను, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. మా నాయనమ్మ బొంత కుట్టేది. పాత చీరల గుడ్డముక్కలు ఒక మూటలో దాచుకునేది. బొంతలో ఎక్కడైనా చిరిగితే మూట విప్పి, సరిపోయే ముక్క తీసి అతికేది. టీపీఆర్-కేలో అలాంటి అతుకులు పడే చోట్లు ఏడు ఉన్నాయి. జన్యువుల్లో ఇంకోచోట యాభైకి పైగా ముక్కల మూట ఉంది. సూక్ష్మజీవి ఆ మూటలోంచి ముక్కను చూసి, దాని నకలు తీసి, ఏడింటిలో ఒక చోట పాతదాని బదులు వేస్తుంది. మూటలో ముక్క తగ్గదు, నకలు మాత్రమే మారుతుంది. మన ఒళ్లు కష్టపడి ఒక బొంతను గుర్తుపట్టి యాంటీబాడీ చేసేసరికి, వందలో కొన్ని కొత్త బొంత కప్పుకుని ఉంటాయి. పాతవి చస్తాయి, కొత్తవి మిగులుతాయి. ఒకసారి నయమైన మనిషికి మళ్లీ అంటుకోవడానికి, ఇన్నేళ్లయినా టీకా రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇంత తెలివి ఉన్న ప్రాణికి సొంత సంసారం మాత్రం లేదు. 1998లో దీని జన్యువులన్నీ చదివారు. 11 లక్షల 38 వేల డీఎన్‌ఏ అక్షరాలు, సుమారు వెయ్యీ నలభై జన్యువులు. ఈ.కోలైలో నాలుగో వంతు. చాలా అమైనో ఆమ్లాలు, కొవ్వులు సొంతంగా చేసుకోలేదు. అన్నీ మన దగ్గర అరువే. అందుకే గాజు పాత్రలో పెరగదు. వందేళ్లకు పైగా దీన్ని కుందేళ్లలోనే బతికించారు. ప్రపంచమంతా వాడే నికల్స్ అనే రకాన్ని 1912లో ఒక రోగి వెన్నునీటి నుంచి తీశారు. చివరికి 2018లో హ్యూస్టన్‌లో కుందేలు కణాలతో కలిపి, 34 డిగ్రీల దగ్గర, ఒకటిన్నర శాతం ఆక్సిజన్‌లో ఎక్కువకాలం పెంచగలిగారు. పెరిగినా నత్తనడకే. ఈ.కోలై ఇరవై నిమిషాలకు రెండవుతుంది. ఇది రెండవడానికి ముప్ఫై గంటల పైనే పడుతుంది.

సిస్టర్లూ, మీరు వేసే ఆ తెల్లటి సూది అంత చిక్కగా ఎందుకుంటుందో దీనితో అర్థమవుతుంది. బెంజాథిన్ పెన్సిలిన్. నీళ్లు పోసి సీసా ఎంత ఊపినా పాలలాగే ఉంటుంది, సన్న సూదిలో ఇరుక్కుపోతుంది, పిర్రల్లో అటు 12 లక్షలు, ఇటు 12 లక్షల యూనిట్లు వేస్తే మనిషి రెండు రోజులు సరిగ్గా కూర్చోలేడు. పెన్సిలిన్ పనిచేసేది సూక్ష్మజీవి గోడ కట్టుకునేటప్పుడు. ముప్ఫై గంటలకోసారి గోడ కట్టే ప్రాణిని చంపాలంటే మందు రోజుల తరబడి రక్తంలో ఉండాలి. ఆ చిక్కటి మందు కండలో గడ్డలా ఉండిపోయి, కొంచెం కొంచెంగా కరుగుతుంది. కొత్త జబ్బుకు ఒక్క డోసు చాలు. ఏడాది దాటినదైనా, ఎప్పటిదో తెలియనిదైనా వారానికొకటి చొప్పున మూడు.

ఇక్కడ మన 47 మళ్లీ వస్తుంది. దానికి పెన్సిలిన్‌ని కోసేసే శక్తి ఉందని 2004లో తేలింది. వినగానే గుండె ఝల్లుమంటుంది కదా? మిగతా సూక్ష్మజీవుల్లో ఇలాంటి కత్తి వల్లే మందులు పనికిరాకుండా పోయాయి. కానీ ఈ కత్తికి ఒక లోపం ఉంది. కోసిన పెన్సిలిన్ ముక్క దానికే అతుక్కుని, తర్వాతి కోతకు అడ్డుపడుతుంది. పనసకాయ కోసిన కత్తికి జిగురు పట్టేసినట్టు. 1943లో మొదలుపెట్టిన పెన్సిలిన్ ఇవాళ్టికీ ఈ జబ్బుకు తిరుగులేని మందుగానే ఉంది. అజిత్రోమైసిన్ అలా కాదు, చాలా దేశాల్లో దానికి లొంగని రకాలు వచ్చేశాయి. మందుల షాపులో బిళ్ల కొనుక్కుని మింగేసి ఊరుకోవద్దని చెప్పేది అందుకే.

ఇంకో సంగతి. మొదటి సూది వేసిన కొన్ని గంటలకు కొందరికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. మన జనం "సూది పడలేదు" అంటారు. రెండోసారి రమ్మంటే రారు. అది సూది పడకపోవడం కాదమ్మా. సూక్ష్మజీవులు ఒక్కసారిగా చచ్చి, లోపలున్న చిలకకొయ్యలన్నీ, ఆ కొవ్వు తోకల ప్రొటీన్లన్నీ, రక్తంలో పడతాయి. వాటిని చూసి ఒళ్లు ఉలిక్కిపడుతుంది. ఒక రోజులో తగ్గిపోతుంది. ఈ మాట సూది వేసే ముందే చెప్పండి, జ్వరం వచ్చాక చెబితే నమ్మరు. ఎర్ర దద్దుర్లు, ఆయాసం వెంటనే వస్తే మాత్రం అది వేరు, అది అలర్జీ. అందుకే సూది వేశాక అరగంట కూర్చోబెట్టాలి.

ఇప్పుడు కొండల దగ్గరికి వద్దాం.

కొన్నేళ్ల కిందట నేను ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. కూతురికి కాన్పులో రక్తం బాగా పోయింది, ఇద్దామని కొండ దిగి వచ్చాడు. కార్డు మీద గీత పడింది. అక్కడున్న కుర్రాడు అల్లుడి ముందే గట్టిగా అనేశాడు, "నీకు చెడ్డజబ్బు ఉంది, నీ రక్తం పనికిరాదు" అని. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. బయటికెళ్లి వేపచెట్టు కింద కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం ఇస్తే తినలేదు. అల్లుడు దూరంగా నిలబడ్డాడు.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయనకు తెలుగు కొంచెమే వచ్చు, నాకు వాళ్ల కొండభాష కువి అసలు రాదు. ఒడియాలో మాట్లాడుకున్నాం. చిన్నప్పుడు ఒంటి మీద పుళ్లు లేచాయా అని అడిగాను. పంచె కాస్త పైకి లాగి మోకాలి కింద చూపించాడు. రూపాయి బిళ్లంత మచ్చ, చర్మం ఉల్లిపొరలా పలచబడి ఉంది. పక్కన ఇంకోటి. "ఊళ్లో పిల్లలందరికీ వచ్చింది. జీపు వచ్చింది. అందరినీ వరసలో నిలబెట్టి సూది వేశారు" అన్నాడు.

అది యాజ్. చాలామంది ఈ పేరే విని ఉండరు. దాన్ని తెచ్చేది కూడా ట్రెపోనీమా పల్లిడమే, ఉపజాతి వేరు. రెంటి జన్యువులను పక్కపక్కన పెడితే తేడా వెయ్యి అక్షరాలకు రెండు కూడా ఉండదు. కానీ యాజ్‌కు కామంతో ఏ సంబంధమూ లేదు. వేడి, తేమ ఉన్న అడవి ఊళ్లలో పిల్లల చర్మానికి చర్మం తగిలి అంటుకునేది. మందు మాత్రం అదే పెన్సిలిన్. 1952 నుంచి 64 దాకా మన దేశంలో జీపుల్లో తిరిగి సూదులు వేశారు. తగ్గింది గానీ పోలేదు. మళ్లీ 1996లో నిర్మూలన కార్యక్రమం మొదలైంది ఎక్కడో తెలుసా? మన కోరాపుట్‌లో. 1992 దాకా ఈ గుణుపురం కూడా ఆ జిల్లాలోదే. ఊరూరా, గుమ్మం గుమ్మం తిరిగి పుండు ఉన్న పిల్లని వెతికారు. చివరి కేసు 2003లో. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి యాజ్ లేదని ధ్రువీకరించింది. పోలియో పోయిందని పండగ చేసుకున్నాం. మన కొండల్లో కాలినడకన తిరిగి సాధించిన ఈ గెలుపు మనవాళ్లకే తెలియదు, నాకు దానికి చాలా బాధ.

దీనికి కోయ రోగం, గోండి రోగం అని పేర్లు పెట్టారు. చూశారా, మళ్లీ పక్కింటివాడి పేరు.

ఆ రెండు ఉపజాతుల్లోనూ 47 ఉంది, 17 ఉంది, 15 ఉంది. కార్డుకు తేడా తెలియదు. చిన్నప్పుడు యాజ్ వచ్చి తగ్గిపోయిన మనిషికి అరవై ఏళ్ల తర్వాత కూడా గీత పడవచ్చు. అలాగే సిఫిలిస్ వచ్చి పూర్తిగా నయమైనవాళ్లకు కూడా చాలామందిలో జీవితాంతం పడుతుంది.

అందుకే రెండో పరీక్ష. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ అంటాం. అందులో సూక్ష్మజీవి ప్రొటీన్ ఉండదు. కార్డియోలిపిన్ అనే కొవ్వు ఉంటుంది, పశువుల గుండె నుంచి తీసేవారు. 1906లో వాసర్‌మన్ మొదటి రక్తపరీక్ష చేసినప్పుడు ఈ జబ్బుతో చనిపోయిన పసిబిడ్డల కాలేయం నుంచి తీసిన ద్రవాన్ని వాడాడు, అందులో సూక్ష్మజీవి నిండుగా ఉంటుందని. తర్వాత చూస్తే జబ్బు లేని గుండెకండ రసంతో కూడా పరీక్ష పనిచేసింది. జబ్బు వల్ల కణాలు చితికినప్పుడు వచ్చే యాంటీబాడీలను ఇది కొలుస్తుంది. ఆర్‌పీఆర్ తెల్లకార్డు మీద నల్లటి బొగ్గుపొడి రేణువులు గుంపులు కడితే రియాక్టివ్, అంటే ఆ యాంటీబాడీలు ఉన్నట్టు. రక్తాన్ని పలచన చేస్తూ ఎంత దాకా గుంపు కడుతుందో చూస్తాం. 32 వంతులు పలచన చేసినా కట్టేది, మందు తర్వాత 8 దగ్గరే ఆగిపోతే నయమవుతోందని లెక్క. ప్రొటీన్ గీత మచ్చ లాంటిది, ఇది జ్వరం లాంటిది. మచ్చ ఉంటుంది, జ్వరం దిగుతుంది.

పెద్దాయనకు ఆర్‌పీఆర్ చేస్తే 2 దగ్గరే ఆగింది. ఆ మచ్చలు, ఆ జీపు కథ, ఈ అంకె కలిపి చూస్తే యాజ్ అనే నాకు అనిపించింది. అయినా డాక్టరు గారు మూడు డోసులు రాశారు, అదే సరైన పని. రెంటినీ విడదీసే పరీక్ష మా చేతిలో లేనప్పుడు మందు ఆపకూడదు. తర్వాత నేను అల్లుడిని పిలిచి మామగారి కాలి మీద మచ్చ చూపించి అంతా చెప్పాను. అతను చాలాసేపు ఆ మచ్చ వైపే చూశాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే ఆకులో తిన్నారు. రక్తం వేరే మనిషి ఇచ్చాడు, కూతురు బతికింది.

(సభలో నుంచి ఒక ఆశా కార్యకర్త: "మేడమ్, గర్భిణికి గీత పడితే, ఆర్‌పీఆర్ రిపోర్టు వచ్చేదాకా ఆగాలా?")

ఆగొద్దమ్మా. చాలా మంచి ప్రశ్న. కడుపులో బిడ్డ ఉంది. మందు పడకపోతే బిడ్డ కడుపులోనే పోవచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టవచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపి మొదటి సూది వేయించండి, ఆర్‌పీఆర్‌కు రక్తం కూడా అప్పుడే తీయించండి. కాన్పుకు కనీసం ముప్ఫై రోజుల ముందు సూది పడి ఉండాలి. ఇంతకు ముందు కాన్పులో వైద్యం అయిందా అని అడగండి, పాత కాగితాలు తెమ్మనండి. భర్తకూ పరీక్ష, మందు. లేకపోతే మళ్లీ అంటుకుంటుంది. గది తలుపు వేసి చెప్పండి, అత్తగారు పక్కన లేనప్పుడు.

("గీత చాలా లేతగా పడితే?")

లేతగా పడినా గీతే. టైంలోపల పడిందా అన్నదే చూడండి. టైం దాటాక, కార్డు ఎండిపోయాక కనపడినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కంట్రోల్ గీత రాకపోతే ఆ కార్డు పారేసి కొత్తది తెరవండి. ఇంకొకటి, పుండు లేచిన కొత్తలో గీత పడకపోవచ్చు. ఒళ్లు యాంటీబాడీలు చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ పుండు నొప్పి పెట్టదు, దానంతటదే మానిపోతుంది, అందుకే ఎవరూ చెప్పరు. పుండు ఉంది, గీత లేదు అంటే, పేరు రాసుకుని కొన్ని వారాలయ్యాక మళ్లీ పిలవండి.

ఈ కార్డులు ఇక్కడ పెడుతున్నాను. అందరూ ఒకటి తీసుకుని వెలుగులో పట్టుకుని చూడండి.